స్పీకర్ల తప్పు పట్టుకున్నది మా అమ్మ

ఏ ఆడియో షోరూంకైనా వెళ్లండి. ఏసీ గది, మసక వెలుతురు, మెత్తటి సోఫా. కుర్రాడు రిమోట్ నొక్కగానే వచ్చేది ఒకటే పాట, అమెరికన్ రాక్ బ్యాండ్ ఈగల్స్ వాళ్ల హోటల్ కాలిఫోర్నియా. అదీ 1976 నాటి ఒరిజినల్ కాదు, 1994లో వచ్చిన హెల్ ఫ్రీజెస్ ఓవర్‌లోని లైవ్ రికార్డింగ్. ముందు గిటార్లు, జనం ఈలలు, ఆ తర్వాత గుండెల మీద పడే డ్రమ్ము దెబ్బ. ఆ దెబ్బకి జేబులోంచి కార్డు బయటికొస్తుంది. నాదీ వచ్చింది.

ఆ రికార్డింగ్ బాగాలేదని ఎవరైనా అంటే నేనే పోట్లాడతాను. కానీ అది పెళ్లిచూపులకు పట్టుచీర కట్టుకొచ్చిన పాట. ఎలాంటి స్పీకర్లలో వేసినా అందంగానే కనబడుతుంది. దాన్ని విని స్పీకర్లు కొనడమంటే, ఫంక్షన్ హాల్లో భోజనం తిని వంటవాడి రోజువారీ చారు ఎలా ఉంటుందో చెప్పడమే.

నా సంగతి వినండి. రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి విజయవాడలోని మా ఇంటికి ఒక జత స్పీకర్లు తెప్పించుకున్నాను. ఫిట్ చేయడానికి వచ్చిన అబ్బాయి అరగంటలో వైర్లు తగిలించి, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెలరోజులు నేను నేల మీద లేను. డైర్ స్ట్రెయిట్స్ బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్, పింక్ ఫ్లాయిడ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్, అందరూ చెప్పే లిస్టంతా వేసేశాను. పింక్ ఫ్లాయిడ్ పాటలోని గడియారాలు గదంతా మోగుతున్నాయి. శబ్దం గోడలు దాటి పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. "సౌండ్‌స్టేజ్ అంటే ఇదిరా" అని ఫోన్లు చేసి మరీ చెప్పాను. వాయిద్యాలన్నీ ఎదురుగా వేదిక మీద పరిచినట్టు వినబడడాన్ని అలా అంటారు.

బేస్ మాత్రం, అంటే డ్రమ్ములూ బేస్ గిటారూ పలికే లోతైన శబ్దం, పల్చగా ఉండేది, నీళ్లు ఎక్కువైన మజ్జిగలా. అడిగిన ప్రతివాడూ ఒక సలహా. కేబుల్ మార్చమని ఒకడు, యాంప్లిఫయర్ చాలదని ఇంకొకడు. చివరికి బేస్ కోసమే విడిగా అమ్మే 38 వేల సబ్‌వూఫర్‌ని కార్ట్‌లో పెట్టి, ఒకటో తారీఖు కోసం చూస్తున్నాను.

ఆ ఆదివారం అమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "ఎప్పుడూ ఆ ఇంగ్లీషువేనా, లాహిరి లాహిరి పెట్టరా" అంది. 1957 మాయాబజార్. ఘంటసాల, పి. లీల. పెట్టాను. అర నిమిషం విని చేతిలో కాయ పక్కన పెట్టింది.

"ఘంటసాల ఎక్కడున్నాడురా? ఇటూ లేడు, అటూ లేడు. గొంతు నా తల చుట్టూ తిరుగుతున్నట్టుంది."

పాత రికార్డింగ్ కదమ్మా అన్నాను. "నేను రేడియోలో వినలేదా" అంది.

లేచి వెనక్కి వెళ్లి చూస్తే ఎడమ స్పీకరుకి ఎర్ర వైరు నల్లదాంట్లో, నల్ల వైరు ఎర్రదాంట్లో ఉన్నాయి. అంటే ఒక స్పీకరు కోను ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతోంది. ఒకటి నెట్టిన గాలిని రెండోది లాగేస్తుంటే బేస్ ఎక్కడ మిగులుతుంది? నెలరోజులు నేను మురిసిపోయిన ఆ 'గోడలు దాటిన' సౌండ్‌స్టేజ్ అంతా వైరింగ్ తప్పే! వైర్లు మార్చి మళ్లీ పెట్టాను. రెండు స్పీకర్ల మధ్య గోడకి వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉంటుంది మాకు. ఘంటసాల సరిగ్గా అక్కడికొచ్చి నిలబడ్డాడు. అమ్మ మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. సబ్‌వూఫర్ కార్ట్‌లోంచి పోయింది.

అప్పట్నుంచి ఎవరు అడిగినా నాది ఒకటే మాట. మీ సిస్టమ్‌లో మొదట వేయాల్సింది నాకు నచ్చిన ఆల్బమో, ఏ రివ్యూయరుకో నచ్చిన ఆల్బమో కాదు. మీకు కంఠతా వచ్చిన పాట, వీలైతే పాత మోనో పాట వేయండి. మోనోలో రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకే సిగ్నల్. కాబట్టి గొంతు నట్టనడుమ, ఒక మనిషి ముఖమంత జాగాలో వినబడాలి. పక్కకి జరిగితే బ్యాలెన్సో, కుర్చీ ఉన్న చోటో తేడా. చెదిరిపోతే వైరింగ్ చూసుకోండి. రెండు స్పీకర్లకీ వేర్వేరు శబ్దాలు పంపే స్టీరియో మిక్స్‌లో ఈ తప్పులు ఎఫెక్టుల కింద దాక్కుంటాయి, మోనోలో దాక్కోవడానికి చోటుండదు. కాకపోతే పాత పాటకి ఎకో కలిపి, కొత్తగా స్టీరియో చేశామని అమ్మే వెర్షన్ల జోలికి పోకండి. వాటిలో ఘంటసాల కూడా బావిలోంచే పాడతాడు.

ఆ పరీక్ష అయ్యాక నేను వేసేది ఎ మీటింగ్ బై ద రివర్ ఆల్బమ్. విశ్వమోహన్ భట్ మోహన వీణ (గిటార్‌నే మార్చి చేసుకున్న వాయిద్యం), రై కూడర్ స్లైడ్ గిటార్, తోడుగా తబలా, దుంబెక్ అనే డోలు. అమెరికాలో శాంటా బార్బరాలోని ఒక చర్చిలో లైవ్‌గా రికార్డు చేసి 1993లో విడుదల చేశారు, దానికి గ్రామీ కూడా వచ్చింది. ఇందులో నేను చూసేది తీగ మీటాక ఏమవుతుందన్నది. స్వరం ఆగిపోయినా చర్చి గోడల్లో అది ఇంకా కాసేపు కరుగుతూ ఉంటుంది. మంచి సిస్టమ్‌లో ఆ కరగడం చివరిదాకా వినబడుతుంది. చవక సిస్టమ్‌లో సగంలో కత్తిరించినట్టు ఆగుతుంది. ఎప్పుడు వేసినా మొత్తం విన్నాకే లేస్తాను, పరీక్ష సంగతి మధ్యలోనే మర్చిపోతాను.

వయొలిన్ల కోసం ఇళయరాజా 1986 నాటి హౌ టు నేమ్ ఇట్. త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆల్బమ్. వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేచినప్పుడు చెవిలో గుచ్చుకుంటే ట్వీటర్లో, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లో, ఏదో తేడా ఉన్నట్టే. మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలు కూడా ఇందుకే పనికొస్తాయి. పాలకొల్లులో పుట్టిన ఆ మనిషి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించాడు. ఆ గమకంలో స్వరం జారుతోందా, మెట్లు దిగుతోందా అన్నది వినండి.

బేస్‌కి మాత్రం రోజా. 1992, రెహమాన్ మొదటి సినిమా. చిన్ని చిన్ని ఆశలో కింద నడిచే బేస్ గిటార్ని మేం క్యాసెట్లో విననే లేదు. అక్కడ ఒకటుందని తెలియడానికే నాకు పాతికేళ్లు పట్టింది.

కానీ బేస్ దగ్గర మీరు పరీక్షించేది స్పీకర్ని కాదు, గదిని. మన ఇళ్లలో సగం బెడ్‌రూంలు పన్నెండు బై పన్నెండు. కింద టైల్స్, పైన స్లాబు. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు. పన్నెండు అడుగుల గోడల మధ్య దాదాపు 47 హెర్ట్జ్ (సెకనుకి 47 కంపనాలు) దగ్గర శబ్దం నిలబడిపోతుంది, అంటే ఆ స్వరం మిగతావాటికంటే గట్టిగా మోగుతుంది. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. దానికి కాస్త పైనున్న స్వరం వచ్చినప్పుడల్లా మా బీరువా మీది స్టీలు డబ్బా మూత గజగజలాడేది. పొడవూ వెడల్పూ సమానమైతే రెండు వైపులా అదే స్వరం పేరుకుంటుంది, ఇంకా అన్యాయం. కుర్చీని వెనక గోడ నుంచి మూడడుగులు ముందుకి లాగాను, మూలన పాత పరుపు నిలబెట్టాను. పైసా ఖర్చు లేదు, ఇంట్లో తిట్లు తప్ప.

ఇంకో మాట. పాట బాగా వినబడకపోతే తప్పంతా మీ సిస్టమ్‌దే అనుకోకండి. 2008లో రాక్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్ డెత్ మాగ్నెటిక్‌ని ఎంత గట్టిగా మాస్టరింగ్ (విడుదలకి ముందు చేసే ఆఖరి శబ్ద సవరణ) చేశారంటే, అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో ఇంతకంటే శుభ్రంగా ఉన్నాయని అభిమానులే గోల చేశారు. జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి కైండ్ ఆఫ్ బ్లూ ఇంకా వింత. రికార్డింగ్ రోజు టేపు మిషను కాస్త నిదానంగా తిరగడంతో, మామూలు వేగంలో వేసినప్పుడు మొదటి మూడు పాటలు అసలు శ్రుతికి కొంచెం పైన వినబడేవి. 1992 దాకా అలాగే అమ్మారు. ఆ 33 ఏళ్లలో ఆ రికార్డు వేసి ఎంతమంది తమ టర్న్‌టేబుల్ గొప్పలు చెప్పుకుని ఉంటారో!

మొన్న ఒక స్నేహితుడు స్పీకర్లు కొంటానంటే తోడు వెళ్లాను. అదే చీకటి గది, అదే హోటల్ కాలిఫోర్నియా. అది అయ్యాక ఫోన్ అందించి లాహిరి లాహిరి పెట్టమన్నాను. "సార్, ఇది మోనో సార్, దీంట్లో ఏముంటుంది?" అన్నాడు కుర్రాడు. పెట్టు బాబూ అన్నాను. వాళ్ల వైరింగ్ సరిగ్గానే ఉంది. ఘంటసాల వచ్చి గది మధ్యలో నిలబడ్డాడు. కుర్రాడు పాట ఆపకుండానే లేచి వెళ్లి, మధ్యలో ఉన్న హోమ్ థియేటర్ సెంటర్ స్పీకర్ పొరపాటున ఆన్ అయిందేమోనని దాని మీద చెవి పెట్టి చూశాడు.