ఉల్లి వద్దు, హాఫ్‌టైమ్ ముద్దు

అమెరికాలో జనం ఆటల మీద పందేలు కాస్తున్నారంటూ గిట్టనివాళ్లు చేస్తున్న ప్రచారాన్ని ముందుగా ఖండిస్తున్నాను. కల్షీ వంటి ప్రిడిక్షన్ మార్కెట్లలో జరిగేది శుద్ధ ఆర్థిక వ్యవహారం. ‘హాఫ్‌టైమ్‌కి కౌబాయ్స్ (డాలస్ వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) ఆధిక్యంలో ఉంటుందా?’ అన్నది అక్కడ ఒక కాంట్రాక్టు. 60 సెంట్లు పెట్టి ‘యెస్’ కొంటారు. ఉంటే డాలరు చేతికొస్తుంది, లేకుంటే 60 సెంట్లూ గోవిందా. ఇందులో పందెం ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

పైగా దీనికో పెద్దదిక్కు ఉంది: 1974లో చట్టం చేసి పెట్టిన కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్. పంట చేతికొచ్చేలోగా ధర పడిపోతుందేమోనని బెంగపడే గోధుమ రైతు ముందే ధర ఖాయం చేసుకుంటాడు కదా, ఆ బాపతు ‘ఫ్యూచర్స్’ వ్యాపారాన్ని కనిపెట్టుకుని ఉండటం దాని పని. మరి మొదటి 30 నిమిషాల్లో ఎవరు ముందుంటారన్నదాని మీద బతుకు ఆధారపడిన ఆ రైతు ఎవరు? చాలా వెతికాను. స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడు కాదు; ఎవరు ముందున్నా విరామంలో జనానికి ఆకలేస్తుంది. మధ్యలో పాడటానికొచ్చిన గాయనీ కాదు. ఆమెకు స్కోరుతో పనిలేదు.

చివరికి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, సోఫాలో దొరికాడు. మనవాడే. టెక్సస్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధం కాదు గానీ కాంట్రాక్టుకి ఢోకా లేదు. రెండో క్వార్టర్ ముగుస్తోంది. అతని ‘యెస్’ 88 సెంట్లకు ఎక్కింది. అమ్మేద్దామా, ఉంచుదామా అని బొటనవేలు ఊగిసలాడుతుండగానే ధర 9కి పడింది. కంగారుగా టీవీ వంక చూస్తే, అవతలి జట్టువాడు బంతి పట్టుకుని ఇంకా దిక్కులు చూస్తున్నాడు. స్ట్రీమింగ్ కొన్ని సెకన్లు వెనకుంది మరి! జరగబోయే టచ్‌డౌన్‌కి (ఆ ఆటలో గోల్ లాంటిది) మనవాడు అప్పటికే డబ్బు కట్టేశాడు.

‘‘ఎంత పోయిందండీ?’’ అని వంటింట్లోంచి అడిగింది భార్య.

‘‘పోవడమేంటే? సెటిల్ అయింది.’’

ఇంత పద్ధతిగల వ్యాపారాన్ని పట్టుకుని నెవాడా రాష్ట్రం ‘ఇది పందెమే’ అని అడ్డుపడింది. లాస్ వేగస్‌ను పెట్టుకున్న రాష్ట్రానికి పందెమంటే ఏమిటో ఏం తెలుసు పాపం!

అమెరికా చట్టానికి పట్టింపు లేదనుకునేరు. 1955లో షికాగోలో ఇద్దరు వ్యాపారులు ఉల్లిపాయలన్నీ గుప్పిట్లో పెట్టుకుని, ఆపై ఒక్కసారిగా మార్కెట్ మీద కుమ్మరించారు. లోపలి ఉల్లి కన్నా ఖాళీ బస్తాకే ఎక్కువ ధర పలికింది. రైతులు గగ్గోలు పెడితే 1958లో ఉల్లి ఫ్యూచర్స్‌ను నిషేధించారు. ఆ నిషేధం నేటికీ ఉంది. 2010లో సినిమా కలెక్షన్లనూ అదే గాట కట్టేశారు. (తొలిరోజు షేర్ మీద తలలు పగలగొట్టుకునే మన అభిమానులకు ఇది పిడుగుపాటే.) ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు; హాఫ్‌టైమ్ చేస్తుందని అమెరికా కనిపెట్టింది.

నిజమే, హాఫ్‌టైమ్‌లో ఉన్న సుఖం వేరు. 2017లో ఆ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అట్లాంటా ఫాల్కన్స్ సగం ఆటకి 21–3తో ముందుంది. ఆఖరికి ఓవర్‌టైమ్‌లో 34–28తో పేట్రియట్స్ చేతిలో ఓడింది. ఆనాడే ఇలాంటి కాంట్రాక్టు ఉండి ఉంటే, కొన్నవాడు డబ్బు జేబులో వేసుకుని హాయిగా పడుకునేవాడు. జట్టు ఏడుపు జట్టుది.

మనకే ఆ యోగం లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తలుపులు మూశాయి. 2025 ఆగస్టులో కేంద్రమూ డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాక ఇలాగే ‘యెస్’, ‘నో’లు అమ్మే ఒపీనియన్ ట్రేడింగ్ యాప్‌లు దుకాణం కట్టేశాయి. అందుకని భీమవరం పెద్దలకు నాదో మనవి. బరి దగ్గర పోలీసులతో దాగుడుమూతలు ఎన్నాళ్లు? పైపందేలకు కాంట్రాక్టులని పేరు పెట్టి ఆ అమెరికా కమిషన్‌కే అర్జీ పెట్టుకోండి. గోధుమలు, పశువుల సంగతి చూసేవాళ్లకి కౌబాయ్స్ కన్నా మన డేగా, కాకీ, నెమలీ దగ్గరి చుట్టాలు. చిక్కల్లా ఒక్కటే: కత్తి కట్టాక ఏ కోడీ హాఫ్‌టైమ్ దాకా ఆగదు, మొదటి ఎగురుకే సెటిల్ అయిపోతుంది.