శివగోచారికి న్యాయం ఎప్పుడు?

శ్రీకాళహస్తి కథ చెప్పేవాళ్ళంతా తిన్నడి పక్షమే. వేటకాడు, మంత్రం రానివాడు, పుక్కిటి నీళ్ళతో లింగానికి అభిషేకం చేశాడు, తల్లో తురుముకొచ్చిన పూలు పెట్టాడు, రుచి చూసి మరీ మాంసం నైవేద్యం పెట్టాడు, శివుడు కరిగిపోయాడు అని కళ్ళు తుడుచుకుంటారు. మరి పొద్దున్నే వచ్చి ఆ ఎముకలన్నీ ఊడ్చి, గుడి కడిగి, మళ్ళీ మడిగా పూజ చేసిన పూజారి శివగోచారి మాటేమిటి? ధూర్జటి కవి ఆ కథ రాసిన నాటి నుంచి ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్ళే లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ప్రేమతో చేసే సేవతో మొదటి ఇబ్బంది, దానికి రసీదు కొట్టలేం. లింగం కంట్లోంచి నెత్తురు కారుతుంటే తిన్నడు తన కన్ను పీకి అతికించాడు. దీన్ని ఏ ఆర్జిత సేవ కింద రాసుకోవాలి? రెండో కన్ను పెట్టాలంటే చోటు కనపడదని గుర్తుగా కాలు తీసి స్వామి ముఖం మీదే ఆనించాడు. ఈ రోజుల్లో అయితే వీడియో పొద్దున వైరల్, మధ్యాహ్నానికి మనోభావాలు గాయపడటం, సాయంత్రానికి కేసు. శివుడు చెయ్యి పట్టుకుని ఆపేలోపే సెక్యూరిటీ వాళ్ళు రెక్క పట్టుకుని బయటికి లాగేసేవాళ్ళు.

ఆనాడు శివుడు తిన్నడికే ఓటేశాడు. పోనీండి, ఆయన ఇష్టం. కానీ గుడిలో అంతిమ విజయం మాత్రం పద్ధతిదే. ఇప్పుడు కాళహస్తిలో దిగేవాళ్ళలో ఎక్కువమంది వచ్చేది రాహుకేతు పూజకి. పెళ్ళి కుదరట్లేదు, పిల్లలు కలగట్లేదు, వీసా లాటరీలో పేరు రావట్లేదు. టికెట్ 500 నుంచి 5000 దాకా. ధర పెరిగేకొద్దీ స్వామికి దగ్గరి మండపం. నాగపడగలు, ఉలవలు, మినుములు ముందు పెట్టుకుని మైకులో ఎలా చెబితే అలా చేసి లేస్తే గంటలోపే పని అయిపోతుంది. ఎంత శుభ్రం! ఎవరూ పుక్కిట నీళ్ళు పట్టుకు రారు. ఎవరి కన్నూ ఊడదు. దేవుడు కూడా ఎవర్నీ ప్రేమించాల్సిన అవస్థ లేకుండా ప్రశాంతంగా ఉంటాడు. (నిజం చెప్పాలంటే, పాపం శివగోచారికి కూడా టికెట్ పెట్టాలన్న ఆలోచన రాలేదు. ఆ ఘనత మనది.)

గ్రహణం రోజు మిగతా గుళ్ళు మూసినా ఈ గుడి తెరిచే ఉంటుంది. మన భయాలకు సెలవు రోజంటూ లేదు కదా, ఆ ఏర్పాటూ సబబే.

అన్నట్టు, పక్కనే కొండ మీద కన్నప్పకూ, అంటే కన్నిచ్చి ఆ పేరు తెచ్చుకున్న మన తిన్నడికీ, ఓ గుడి ఉంది. మెట్లెక్కాలి. ఎక్కితే ఏ దోషం పోతుందో జ్యోతిష్కులు చెప్పలేదు కాబట్టి కింది క్యూలో ఉన్న తొక్కిసలాట అక్కడ కనపడదు. పైగా కాళహస్తి నుంచి ఇంకెక్కడా ఆగకుండా తిన్నగా ఇంటికే పోవాలని మన నమ్మకం. బయట కారు డ్రైవర్ హారన్ కొడుతుంటాడు.

ఇది అన్యాయం. కన్నప్పకూ అర్జెంటుగా ఓ దోషం కేటాయించాలని పెద్దలకు నా మనవి. గ్రహాలు ఖాళీ లేకపోతే కళ్ళ జబ్బులు ఉన్నాయి. మామూలు కళ్ళజోడుకి 750, ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళకు 1500.