పిండిమర నుంచి మోక్షమూలం దాకా

మనిషిని పదిమందిలో వేరుచేసి చూపడానికే ఇంటిపేరు పుట్టిందని నమ్మే అమాయకులు ఒక్కసారి జర్మనీ వైపు దృష్టి సారించవలసిందిగా మనవి. ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్. దాని అర్థం పిండిమర ఆడించేవాడు. లాటిన్‌లో మరవాణ్ణి మోలినారియుస్ అనేవారు. ఆ మాట జర్మన్ నాలుకల మీద శతాబ్దాల తరబడి నలిగి, చివరికి మెత్తగా ముల్లర్ అయి దిగింది. ఉత్తరాన మోల్లర్ అనీ, దక్షిణాన కొన్నిచోట్ల మిల్లర్ అనీ జల్లెడ తేడాలు ఉన్నాయి గాని సరుకు ఒక్కటే.

ఈ విపత్తుకు కారణం ఊరికొక మర ఉండడమే. మధ్యయుగాల్లో ఊళ్ళు పెరిగి, వీధికి నలుగురు హాన్స్‌లు తయారై, వారిలో పన్ను బాకీ ఉన్న హాన్స్ ఎవడో తేల్చడం కష్టమైనప్పుడు, వాగు గట్టున మర ఆడించే హాన్స్‌ను ముల్లర్ అన్నారు. ఆ ఊరి మట్టుకు అది తిరుగులేని గుర్తు, ఎందుకంటే ఊళ్ళో ఉన్న మర ఒక్కటే. పక్క ఊళ్ళోనూ ఒక్కటే. దాని పక్క ఊళ్ళోనూ అంతే. ఇలా ఊరికొక విశిష్ట వ్యక్తి చొప్పున తయారుచేసుకుంటూ పోగా, దేశమంతా ఒకే రకం విశిష్ట వ్యక్తులతో నిండిపోయింది.

వంశగౌరవం మాటకొస్తే, అది కూడా తక్కువేమీ కాదు. రైతు తన ధాన్యాన్ని నచ్చిన చోట మర పట్టించుకునే వీలు చాలా ప్రాంతాల్లో లేదు. దొర చూపిన మరకే మోయాలి. మరవాడు కూలి కింద ధాన్యంలోనే కొంత తీసుకునేవాడు. ఎంత తీసుకున్నాడన్నది ఇంటికి వెళ్ళి పిండి తూచుకున్నాక రైతుకు కలిగే తాత్త్విక సందేహం. ఈ సందేహం ముదిరి, మరవాడి కొడుకును వృత్తి సంఘాల్లో చేర్చుకోవడానికి చాలా పట్టణాలు నిరాకరించాయి. చివరికి 1548 నాటి పవిత్ర రోమన్ సామ్రాజ్య శాసనం నార బట్టలు నేసేవారు, క్షురకులు, గొర్రెల కాపరులు, బాకాలు ఊదేవారి సరసన ముల్లర్లను కూడా నిలబెట్టి, వీరిని సంఘాల నుంచి తోసివేయరాదని ఆజ్ఞాపించింది. పరువు ఉన్నదని చక్రవర్తి పేరిట ఉత్తర్వు తెచ్చుకోగలిగిన వంశాలు లోకంలో ఎన్ని ఉంటాయి?

ముల్లర్లు నాగరికతకు చేసిన మేలును కూడా ఇక్కడ చెప్పకపోతే పాపం తగులుతుంది. పదమూడో శతాబ్దపు సాక్సన్ ధర్మశాస్త్రం మరకు ముందు వచ్చినవాడి గింజలే ముందు ఆడించాలని విధించింది. నేటికీ జర్మన్లు వరుసలో దూరబోయేవాడికి ఆ మరమాటనే అప్పజెబుతారు. అయితే చరిత్రకెక్కిన మరవాళ్ళు మాత్రం ముల్లర్లు కాకపోవడం ఒక వింత. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు ఎదురు నిలిచాడని కథలు చెప్పుకునే, ఆ రాజు సాన్‌సూసీ మేడ పక్కనున్న మరవాడి ఇంటిపేరు గ్రేవెనిట్స్. 1779లో అదే రాజు ఏ మరవాడి పక్షం వహించి న్యాయమూర్తులనే జైలుకు పంపాడో, అతడి ఇంటిపేరు ఆర్నోల్డ్.

ఇక చరిత్రకెక్కిన ముల్లర్ల విషయానికొస్తే, వారు ముందుగా చేసిన పని ఆ పేరుకు ఏదో ఒక తోక తగిలించుకోవడమో, దాన్నుంచి పారిపోవడమో. 1436లో పుట్టిన ఖగోళవేత్త యోహానెస్ ముల్లర్‌ను లోకం రెగియోమోంటానుస్‌గానే ఎరుగును. అది ఆయన పుట్టిన కోనిగ్స్‌బెర్గ్, అంటే రాజగిరి, అన్న ఊరిపేరుకు లాటిన్ వేషం. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ తన ప్రాంతమైన టూర్‌గావును వెనక తగిలించుకోగా, 1882లో ఆయన సంకరం చేసిన ద్రాక్ష కూడా ముల్లర్-టూర్‌గావుగానే సీసాల్లోకి దిగుతున్నది. తెల్ల ద్రాక్షకు సైతం ఒట్టి ముల్లర్ అన్న పేరు చాలలేదన్నమాట.

వీరందరిలోనూ ఘనుడు మనకు తెలిసిన మాక్స్ ముల్లర్. 1823లో డెస్సావులో పుట్టిన ఈ పండితుడు ఇంగ్లండులో స్థిరపడ్డాక, ఒట్టి ముల్లర్ అంటే ఏ ముల్లరో ఎవరికీ అంతుపట్టదని గ్రహించి, మాక్స్ అన్న సొంత పేరును కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నాడు. అక్కడితో ఆగలేదు. ఈస్టిండియా కంపెనీ సొమ్ముతో అచ్చువేసిన ఋగ్వేదంలో తనను శర్మణ్యదేశంలో పుట్టి గోతీర్థంలో నివసించే మోక్షమూలర భట్టుగా పరిచయం చేసుకున్నాడు. శర్మణ్యదేశం జర్మనీ, గోతీర్థం ఆక్స్‌ఫర్డ్. వాగు గట్టు మీది పిండిమర ఒక్క సంస్కృత సమాసంతో మోక్షానికి మూలమై కూర్చున్నది. మన దేశంలో ఆయన పేరిట వెలసిన భవన్‌లలో జర్మన్ నేర్చుకునే పిల్లలు తాము మరవాడి మేడలో కూర్చున్నామని ఎన్నో పాఠానికి గ్రహిస్తారో మాత్రం నాకు తెలియదు.

జర్మనీలో పేరు మార్చుకోవాలంటే గట్టి కారణం చూపాలి. కాని ముల్లర్, ష్మిట్, మెయర్ వంటి గంపగుత్త పేర్లు మోసేవారికి ఆ పేరే తగిన కారణమని అక్కడి అధికార మార్గదర్శకాలు కరుణించాయి. ముల్లర్‌ను వదిలి ష్మిట్‌లో దూరతామంటే మాత్రం ఒప్పుకోరు. కనుక దరఖాస్తుదారులు మోక్షమూలర అన్న పేరును పరిశీలించవచ్చునని నా సలహా. దేశంలో దానికి పోటీ లేదు. గోతీర్థంలో నివాస ధ్రువపత్రం అడిగితే మాత్రం ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్ళి రావాలి.