సవరణ: వీలునామా ద్వారా పిల్లలకు సంరక్షకుణ్ణి నియమించడం గురించి

"తండ్రి తన వీలునామాలో ఎవరి పేరు రాస్తే, ఆయన మరణానంతరం వారే మైనరు పిల్లలకు సంరక్షకులవుతారు" అని గత వ్యాసంలో ఉన్న వాక్యాన్ని ఈ కింది విధంగా సవరించి చదువుకోవలసిందిగా మనవి. హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, తండ్రి పోయేనాటికి తల్లి జీవించి ఉంటే ఆ నియామకం చెల్లదు. సంరక్షణ బాధ్యత ఆమెకే దక్కుతుంది. ఆమె కూడా తన వీలునామాలో ఎవరినీ నియమించకుండానే మరణించిన పక్షంలో, తండ్రి రాసిన పేరు తిరిగి అమల్లోకి వస్తుంది. కాబట్టి తమ్ముడి పేరు రాసిపెట్టి భార్యను పక్కకు తప్పించవచ్చునని తలచేవారికి (అలాంటివారు లేకపోలేదు) చట్టం ఆ వీలు కల్పించదు.

జీవిత బీమా ఫారంలో మైనరు నామినీ వివరాలతో పాటు రాసే 'అపాయింటీ' విషయంలోనూ ఒక వివరణ అవసరం. ఆ వ్యక్తి పాలసీ సొమ్మును పిల్లల తరఫున అందుకోగలరే తప్ప, వారు ఎవరింట పెరగాలో, ఏ బడిలో చదవాలో నిర్ణయించే అధికారం ఆ ఫారంతో రాదు. ఇక వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేసి తీరాలి. అవిభక్త (ఉమ్మడి) కుటుంబ ఆస్తిలో పిల్లలకున్న వాటాకు వీలునామా ద్వారా చేసే సంరక్షక నియామకం వర్తించదు.