ఏకబిగిన చదవకపోతేనే బాగుంటుంది

నవల బాగుందని చెప్పడానికి మనవాళ్లు ఇచ్చే పెద్ద కితాబు ఒకటుంది: "ఏకబిగిన చదివించిందండీ!" రాత్రి పట్టుకుంటే తెల్లారేదాకా కింద పెట్టలేదని, అన్నం సంగతే గుర్తు రాలేదని చెబుతారు. డిటెక్టివ్ నవలకైతే అది సరైన మెచ్చుకోలే. కానీ ఏడెనిమిది వందల పేజీల నవలకు కూడా అదే కొలత పెట్టేసరికి, అలా చదవలేనివాళ్లంతా లోపం తమలోనే ఉందనుకుంటున్నారు. "పాతిక పేజీలకే నిద్రొచ్చేస్తోంది, ఇంకెక్కడి పెద్ద నవలలు" అనేవాళ్లు ఈ విశాఖలోనే నాకు కనీసం పది మంది తెలుసు, అందరూ ఒకప్పుడు లైబ్రరీల చుట్టూ తిరిగినవాళ్లే. పాతిక పేజీలకు నిద్రొస్తే పడుకోండి, మిగతాది రేపు చదువుకోవచ్చు అంటాను నేను. పెద్ద నవల పుట్టిందే ఆగి ఆగి చదవడానికి.

ఊరికే అనడం లేదు. టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' 1865లో ఒక రష్యన్ పత్రికలో భాగాలుగా రావడం మొదలైంది, మొత్తం పుస్తకం పాఠకుల చేతికి అందేసరికి 1869 అయింది. అంటే దాన్ని మొట్టమొదట చదివినవాళ్లకు ఏకబిగిన చదివే అవకాశమే లేదు. అంత దూరం ఎందుకు, మన వారపత్రికల సీరియళ్లు చూడండి. సరిగ్గా తలుపు తెరుచుకునే చోట 'సశేషం' అని పడేది. ఇంక వారం దాకా ఆ తలుపు వెనక ఎవరున్నారో ఎవరికీ తెలీదు. పంపు దగ్గరా, ఆఫీసులో టీ తాగేటప్పుడూ, పిట్టగోడకి అటూ ఇటూ నిలబడీ జనం ఆ పాత్రల గురించి చుట్టాల గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవారు. చదవడానికి పట్టేది పావుగంట, మిగిలిన వారమంతా ఆ కథ మనసులో నానుతూ ఉండేది. నా లెక్కలో నవల చదవడం అంటే ఆ వారం కూడా.

అంతకు ముందు కూడా మనకిదేమీ కొత్త కాదు. గుడి మండపంలో రోజూ సాయంత్రం పురాణం చెప్పేవారు, నెలల తరబడి సాగేది, దాన్ని కాలక్షేపం అనేవారు, ఎంతో గౌరవంగా. భారతం తెలుగులోకి రావడమే చూడండి, 11వ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు, ఆ మధ్య మిగిలిపోయిన భాగం ఎర్రన పూర్తి చేసేసరికి 14వ శతాబ్దం వచ్చేసింది. అంత ఆగుతూ రాసిన జాతికి ఆగుతూ చదవడం రాదంటే నేను నమ్మను.

నాకు మాత్రం ఈ సంగతి హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తెలిసింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పుడు ఎంవీపీ కాలనీలో అద్దెకుండేవాళ్లం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గాలి ఎలా వీచిందో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు పగిలి వాన ఇంట్లోకి కొట్టింది, కిటికీ పక్కనున్న పుస్తకాల అర సగం తడిసింది. మర్నాటి నుంచి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. పగలంతా బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడటం, చీకటి పడితే కొవ్వొత్తి. తడిసిన పుస్తకాలు డాబా మీద ఆరబెడుతుంటే చేతికి 'వేయిపడగలు' వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు కొన్నది. సెలవులు పెట్టి వారంలో పూర్తిచేసేయాలని రెండుసార్లు పట్టుకుని, రెండుసార్లూ యాభయ్యో పేజీ దగ్గరే వదిలేశాను.

ఆ నవలకూ మన ఊరికీ ఒక చుట్టరికం ఉంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన నవలల పోటీలో బహుమతిని దానికీ, అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'కీ చెరి సగం పంచారు. విశ్వనాథ సత్యనారాయణ గారు దాన్ని 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు రాసిపెట్టారని చెబుతారు. ఆయన నెల్లోపు చెప్పిన దాన్ని నేను మూడు నెలలు చదివాను. కొవ్వొత్తి వెలుగులో రోజుకు పదిహేను పేజీలు, మహా అయితే ఇరవై. తడిసి ఆరిన పేజీలు ఉబ్బిపోయి పుస్తకం పూర్తిగా మూసుకునేది కాదు, మీద చపాతీ పీట బరువు పెట్టి పడుకునేవాణ్ణి. ఒక పేజీ మీద మైనం చుక్క పడింది. ఇప్పటికీ ఉంది, దాని కింద అక్షరాలు నూనెలో తడిసినట్టు కనిపిస్తాయి. తొమ్మిదో రోజున మా వీధికి కరెంటు వచ్చింది, నేను మాత్రం వేగం పెంచలేదు. కొన్నాళ్లకు రోడ్డు పక్కన మోడులైపోయిన చెట్లకు చిగుళ్లు రావడం మొదలైంది, అప్పటికి నవలలోని సుబ్బన్నపేటలో కోట, గుడి, పొలాలు అన్నీ ఒక్కొక్కటిగా చితికిపోతున్నాయి. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పుస్తకం పూర్తయింది. ఇప్పటికీ ఆ నవల నాయకుడు ధర్మారావు పేరు వింటే నాకు తడిసిన వేపాకు వాసన వస్తుంది. ఒక్క రాత్రిలో చదివేసి ఉంటే ఇది నాకు దక్కేది కాదు, పుస్తకంలోకి నా రోజులు చేరడానికి వాటికి చోటు ఉండాలి కదా.

ఇంకో సంగతి. వర్ణవ్యవస్థ గురించి విశ్వనాథ వారి అభిప్రాయాలతో నాకు గట్టి పేచీ ఉంది. ఫోన్‌లో ఎవరైనా అలాంటి మాట రాస్తే ఒక్క క్షణంలో కోపం వస్తుంది, ఒక్క క్షణంలో ముందుకు తోసేస్తాం. ఇక్కడ అలా కుదరదు. పుస్తకం మూసేసి, పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఆయనకు సమాధానం చెప్పుకునేవాణ్ణి, సాయంత్రం మళ్లీ తెరిస్తే నా సమాధానం కొంచెం పలచగా అనిపించేది, దాన్ని ఇంకాస్త గట్టి చేసుకోవాల్సి వచ్చేది. ఒప్పుకోని మనిషితో మూడు నెలలు ఒకే ఇంట్లో ఉన్నట్టు. చివరికి కూడా నేను ఒప్పుకోలేదు, కానీ దేన్ని ఎందుకు ఒప్పుకోవడం లేదో అంతకుముందు కంటే బాగా తెలిసింది. ఇది చిన్న వ్యాసాల వల్ల అయ్యే పని కాదు (ఈ వ్యాసం వల్ల కూడా).

నిడివి ఉన్న ప్రతిదీ గొప్పదని మాత్రం అనను. సీరియళ్లలో సాగదీత ఎంత ఉండేదో చదివినవాళ్లందరికీ తెలుసు. నేను చూసుకునే తేడా ఇది: మొదటి వంద పేజీల్లో ఒక పాత్ర అన్న మామూలు మాట, నాలుగొందలో పేజీలో మళ్లీ వినిపిస్తే, అదే మాటకు బరువు పెరిగిందా లేదా? పెరిగితే ఆ మూడొందల పేజీలూ పనిచేసినట్టే, మధ్యలో ఎంత విసుగొచ్చినా సరే. పెరగకపోతే అది సాగదీతే, నిర్మొహమాటంగా వదిలేయొచ్చు. ఆ మాటకొస్తే నిదానానికి పేజీలే కొలత కాదు. మన విశాఖ వకీలు రావిశాస్త్రి గారి 'అల్పజీవి' చిన్న నవలే, కానీ అందులోని సుబ్బయ్య భయం లోపల నడుస్తూ తొందరగా చదవడం ఎవరి తరమూ కాదు.

టైం లేదంటారా, మా బాబాయి స్టీల్ ప్లాంటులో పనిచేసినన్నాళ్లూ షిఫ్ట్ బస్సులోనే చదివారు. ఎన్ఏడీ జంక్షన్ దాటి గాజువాక మీదుగా కూర్మన్నపాలెం చేరేసరికి పది పేజీలు. రాత్రి డ్యూటీ, అంటే సి షిఫ్ట్ అయితే చదవరు, నిద్ర. పేజీ గుర్తుకి టికెట్ ముక్క పెట్టేవారు. ఒక వానాకాలంలో మొదలుపెట్టిన నవల ఇంకో వానాకాలానికి అయ్యేది, ఈలోపు బస్సులో పక్క సీటాయన కూడా "ఇవాళ ఏమైందండీ" అని అడిగి తెలుసుకునేవాడు.

మా అమ్మ దగ్గర ఒక సీరియల్ ఉంది, వారపత్రికలోంచి పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి బైండు చేసుకున్నది. అందులో ఒక్క వారం పేజీలు లేవు, ఎవరో చదివిస్తామని తీసుకెళ్లి తిరిగివ్వలేదు. ఆ చోటికి వచ్చేసరికి ఇంట్లో ఎవరు చదువుతున్నా వంటింట్లోకి వెళ్లి "అమ్మా, ఇక్కడ ఏమవుతుంది?" అని అడగాలి. అమ్మ స్టవ్ సిమ్‌లో పెట్టి చెబుతుంది. నాకు చెప్పినప్పుడు కథలో అమ్మాయి ఉత్తరం చింపేసింది, మా చెల్లికి చెప్పినప్పుడు దాచుకుంది.