ఆటకు రోజుకో పావలా

చెన్నై పెరంబూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, నూరుమంది దాకా పిల్లలు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి తాతల కాలంలో పనులకొచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబాలు. నోటు పుస్తకాలు ఇవ్వడానికని వెళ్లినప్పుడు హెడ్మిస్ట్రెస్ బీరువా తీశారు. పై అరలో ఆట సామాను పేర్చి ఉంది. రెండు ఫుట్‌బాళ్లు, ఒక వాలీబాల్, నాలుగు స్కిప్పింగ్ తాళ్లు, రింగులు. మూడు బంతుల్లోనూ గాలి లేదు. పంపు ఉంది. దానికి బిగించే సూది లేదు.

"ఇవి బయటికిస్తే ఒకటి పోతుంది, ఒకటి చిరుగుతుంది. ఆడిటు వాళ్లొస్తే స్టాకు రిజిస్టర్లో నేనేం రాసేది సార్? అయినా ఆడించేదెవరు? ఐదు తరగతులకి ఉండేది ముగ్గురం" అన్నారావిడ. ఆమెను తప్పుపట్టే మాట నా నోట రాలేదు. ఆవిడ చెప్పిన రెండు ముక్కల్లోనూ ప్రాథమిక బడుల్లో ఆటల సంగతి మొత్తం ఉంది. వస్తువులకు లెక్క అడిగేవాళ్లున్నారు, పిల్లలు ఆడారా లేదా అని అడిగేవాళ్లు లేరు. సామాను కొనడానికి ఏదో కాస్త డబ్బుంది, ఆడించే మనిషికి లేదు.

ఆ కాస్త డబ్బు ఎంతో చూద్దాం. బడుల కోసం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి డబ్బు పెట్టే, 2018లో మొదలైన సమగ్ర శిక్ష పథకం కింద క్రీడా సామగ్రి గ్రాంటు ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000 రూపాయలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, హైస్కూలుకు 25,000. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు. నూరుమంది పిల్లలున్న బడిలో ఐదు వేలను పంచి చూస్తే, ఒక్కో బిడ్డకు రోజుకు సరిగ్గా ఇరవై ఐదు పైసలు. పావలా. ఆ నాణేన్ని 2011లోనే చెలామణీ నుంచి తీసేశారు.

పిల్లల కోసం రోజుకింత అని లెక్కగట్టి డబ్బు కేటాయించడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. 1920 సెప్టెంబరులో మద్రాసు నగర కార్పొరేషన్, థౌజండ్ లైట్స్‌లోని తన బడి పిల్లలకు మధ్యాహ్నం టిఫిను పెట్టాలని తీర్మానించింది. పిల్లాడికి రోజుకు ఒక అణాకు మించకుండా ఖర్చు. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగువాడే. టీ నగర్ పేరులోని 'టీ' ఆయనే. ఆ ఖర్చును ప్రాథమిక విద్యానిధి నుంచి పెట్టడానికి వీల్లేదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో అది కొంతకాలం ఆగింది కూడా. పిల్లల ఆకలి తీరిపోయి కాదు, ఖర్చు రాసుకోవడానికి ఒక పద్దు లేక ఆగింది. తర్వాత 1956లో కామరాజ్, 1982లో ఎంజీఆర్, 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకు ముఖ్యమంత్రి అల్పాహార పథకం. అన్నానికి సొంత పద్దు దొరికింది కాబట్టే ఇవాళ మా పక్క బడిలో పొద్దున్నే ఉప్మా, పొంగలి వాసన వస్తోంది. ఆటకు ఆ పద్దు ఇంకా దొరకలేదు.

అదే 1920లో ఇదే ఊళ్లో బడుల కోసం ఇంకో పని కూడా మొదలైంది. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించాడు. వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేయడానికి దేశంలో పుట్టిన తొలి కళాశాలల్లో అది ఒకటి. ఇప్పటికీ నందనంలో ఉంది. అంతకు ముందే మన కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసు వచ్చి, సైదాపేటలో ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగి వెళ్లి తాను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారయ్యాడు. ఛాతీ మీద ఏనుగును మోసిన మల్లయోధుడిగానే మనకు ఆయన తెలుసు. మొదటి ఉద్యోగం మాత్రం బడిపిల్లలను ఆడించడం. నూరేళ్లుగా ఆటల మాస్టర్లను తయారుచేస్తున్న నగరంలో, ఏడేళ్ల పిల్లలున్న బడికి ఒక ఆటల మాస్టారు లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

లేకపోవడానికి చట్టమే కారణం. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆటస్థలం ఉండాలని ఉంది, ప్రతి తరగతికీ ఆట వస్తువులుండాలని ఉంది. ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలన్నది మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు నూరు దాటితే. ఆ నిబంధన కిందే తమిళనాడు 2012లో చిత్రలేఖనం, వ్యాయామం, వృత్తివిద్య కలిపి 16,549 మంది పార్ట్‌టైమ్ టీచర్లను తీసుకుంది. మొదట్లో జీతం నెలకు 5,000 రూపాయలు. వారానికి మూడు పూటలు పని, పర్మనెంటు చేయమంటూ ఏళ్ల తరబడి ధర్నాలు. ఆ మాత్రం భాగ్యం కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకు లేదు. పీటీ పీరియడ్‌ను లెక్కలకూ సైన్సుకూ అప్పు తీసుకోవద్దని ఉదయనిధి స్టాలిన్ క్రీడల మంత్రిగా టీచర్లను బహిరంగంగానే కోరారు. మంచి మాట. కానీ ప్రాథమిక బడిలో అప్పు తీసుకోవడానికి పీటీ మాస్టారే లేడు కదా.

క్రీడల మీద తమిళనాడు ఖర్చు పెట్టడం లేదని ఎవరూ అనలేరు. 2022లో మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగింది. 2024 జనవరిలో ఖేలో ఇండియా యూత్ గేమ్స్ చెన్నైతో కలిపి నాలుగు నగరాల్లో జరిగాయి. ముఖ్యమంత్రి ట్రోఫీ పోటీలకు కోట్లలో బహుమతులు. పంచాయతీలకు కలైజ్ఞర్ స్పోర్ట్స్ కిట్లు. అన్నీ కావలసినవే. అయితే ముఖ్యమంత్రి ట్రోఫీలో స్కూలు విభాగం పన్నెండేళ్లతో మొదలవుతుంది. స్పోర్ట్స్ కిట్లు మొదట గ్రామ పంచాయతీల కోసం వచ్చాయి, బడుల కోసం కాదు. అంటే పెరంబూరులో ఎనిమిదేళ్ల పిల్లకు ఈ తలుపుల్లో ఏదీ తెరుచుకోదు.

పోటీలకు ముందు ఉండే దశ గురించి నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు. ఆ రోజు సాయంత్రమే సైకిల్ షాపులో సూది కొని, మర్నాడు బంతులకు గాలి కొట్టి, హెడ్మిస్ట్రెస్ అనుమతితో మూడో తరగతి పిల్లలను ఇరవై నిమిషాలు ఆవరణలోకి తీసుకెళ్లాను. వేపచెట్టు, చేతిపంపు, సిమెంటు గచ్చు. అంతే స్థలం. నాలుగడుగుల దూరం నుంచి బంతి మెల్లగా వేస్తే పట్టుకోమన్నాను. నేను బంతి వదలగానే ఒక పాప కళ్లు గట్టిగా మూసుకుని మొహం పక్కకు తిప్పేసింది. చేతులు కర్రల్లా ముందుకు చాచే ఉన్నాయి, బంతి వాటి మధ్య నుంచి వచ్చి గుండెకు తగిలి కింద పడింది. మళ్లీ వేశాను, మళ్లీ అంతే. పదకొండు మందిలో సరిగ్గా పట్టుకున్నది నలుగురు. ఒంటికాలి మీద మూడు గెంతులు గెంతేసరికి ఇంకో పిల్లాడు గోడ పట్టుకున్నాడు.

ఈ పిల్లలకు లోపమేమీ లేదు. పట్టుకోవడం, విసరడం, గెంతడం, ఒరిగిపోకుండా నిలబడటం ఎవరో ఒకరు నేర్పితేనో, పదేపదే ఆడితేనో వస్తాయి. మా చిన్నప్పుడు వీధి నేర్పింది. తొక్కుడు బిళ్లలో ఒంటికాలు, ఏడుపెంకులాటలో గురి, చెడుగుడులో ఊపిరి. ఇప్పుడు మా వీధిలో రెండు వైపులా బళ్లు నిలిపి ఉంటాయి, మధ్యలో మిగిలిన దారిలో ఆటోలు ఆగవు. పెద్ద రోడ్డుకు వెళ్తే మెట్రో పనులు. వీధి చేసిన పని ఇక బడే చేయాలి. చేసే పద్ధతీ ఉంది. భయపడే పిల్లకు ముందు గాలి బుడగ ఇస్తారు, అది మెల్లగా దిగుతుంది కాబట్టి కళ్లు మూసుకోదు. తర్వాత గుడ్డబంతి, ఆ తర్వాత రబ్బరు బంతి. ఇది నాకు తర్వాత ఒక పీటీ టీచరు చెబితే తెలిసింది. ఫుట్‌బాల్‌తో మొదలుపెట్టడమే నా తప్పు. ఆ తేడా తెలిసిన మనిషి కోసమే నేను ఇదంతా రాస్తున్నది.

పైగా ఆడపిల్లల విషయంలో ఈ వయసు దాటితే మళ్లీ అవకాశం రాదు. 11 నుంచి 17 ఏళ్ల వయసులో రోజుకు గంటసేపు ఒళ్లు కదిలే పని లేనివాళ్లు ప్రపంచంలో 81 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. మన ఇళ్లలో పదకొండు, పన్నెండేళ్లు వచ్చేసరికి "ఇంక చాలు, లోపలికి రా" అన్న పిలుపు ఎలా మొదలవుతుందో అందరికీ తెలుసు. అప్పటికే ఆట అలవాటైన పిల్ల ఆ పిలుపుకు ఎదురు చెప్పగలదు. బంతిని చూస్తే కళ్లు మూసుకునే పిల్లకు లోపలికి వెళ్లిపోవడమే హాయిగా ఉంటుంది.

ఇంగ్లండ్ ఈ వయసు పిల్లల ఆటకే ఒక ప్రత్యేక నిధి పెట్టింది. లండన్ ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 2013లో మొదలైంది. తర్వాత శీతల పానీయాల్లోని చక్కెర మీద వేసిన పన్ను అండతో దాన్ని ఏడాదికి 32 కోట్ల పౌండ్లకు పెంచారు. లెక్క చిన్నది. పదిహేడు మంది, అంతకు మించి పిల్లలున్న ప్రాథమిక బడికి 16,000 పౌండ్లు, దానిపైన పిల్లాడికి పది పౌండ్లు. ఆ డబ్బు వేరే దేనికీ వాడకూడదు. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది బడి తన వెబ్‌సైట్లో పెట్టాలి. ఆ దేశపు సంపదతో మనకు పోలిక వద్దు. పద్ధతి మాత్రం తీసుకోదగ్గది, అక్కడ జరిగిన పొరపాట్లతో సహా. చాలా బడులు ఆ డబ్బుతో బయటి కోచ్‌లను పిలిచి పిల్లలను అప్పగించేశాయి. కోచ్ వెళ్లిపోగానే టీచరుకు వచ్చిన విద్యేమీ మిగల్లేదు. వచ్చే ఏడాది నిధి ఉంటుందో లేదో ముందుగా తెలియక మనిషిని పెట్టుకోవడానికి బడులు తటపటాయించాయి.

మన దగ్గర ఆ రెండో ప్రమాదం ఇంకా పెద్దది. ఐదు వేల గ్రాంటు సమగ్ర శిక్షలో భాగం. 2024-25కు రావాల్సిన 2,152 కోట్ల రూపాయలను కేంద్రం ఇవ్వలేదని తమిళనాడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జాతీయ విద్యావిధానం మీద, పీఎంశ్రీ అనే కేంద్ర బడుల పథకం ఒప్పందం మీద రెండు ప్రభుత్వాల పంచాయితీలో ఎవరి వాదన ఎంత బలమైనదైనా, ఆ పావలా కూడా ఆ గొడవకు తాకట్టు పడింది. అందుకే ఆటల పద్దు నగరం చేతిలో ఉండాలంటాను.

నగరానికి అందులో అనుభవమూ ఉంది. మనం కట్టే ఆస్తిపన్నులో గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం పుణ్యమది. ఈ పద్ధతి తెలుగు రాష్ట్రాల పాఠకులకూ కొత్త కాదు. వసూలు చేసిన స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు ఆ డబ్బు జమచేయడంలో ఎంత జాప్యం చేస్తాయో కూడా వాళ్లకు తెలుసు. కాబట్టి ఆటల డబ్బు నేరుగా బడి ఖాతాలో పడాలి. తల్లిదండ్రులే మూడొంతుల మంది ఉండే పాఠశాల యాజమాన్య కమిటీ దాన్ని చూడాలి, ఖర్చు వివరం బడి గోడ మీద పెయింటుతో రాయాలి. కొత్త పన్ను వేయమని నేననడం లేదు. 2025 సెప్టెంబరు నుంచి కూల్‌డ్రింకుల మీద నలభై శాతం జీఎస్టీ పడుతోంది. అందులో రాష్ట్రం వాటా నుంచి కొంత ఇటు మళ్లిస్తే, పిల్లల పళ్లూ ఒళ్లూ పాడుచేసే సరుకు మీద వచ్చిన డబ్బు పిల్లలకే చేరుతుంది.

ఎంత కావాలి? నాలుగు చిన్న బడులకు కలిపి ఒక వ్యాయామ టీచరును పూర్తికాలం పెట్టుకుందాం. నెలకు ముప్ఫై వేలు జీతమనుకుంటే ఏడాదికి మూడు లక్షల అరవై వేలు. నాలుగు వందల మంది పిల్లలకు పంచితే ఒక్కొక్కరికి 900 రూపాయలు, రోజుకు నాలుగున్నర. బంతులకూ తాళ్లకూ సూదులకూ ఇంకో అర్ధరూపాయి. మొత్తం ఐదు రూపాయలు. చెన్నైలో ఏ టీ కొట్టులోనూ ఆ డబ్బుకు టీ రాదు.

ఆ టీచరు వారానికి ఒక రోజు ఒక బడిలో ఉంటే తరగతికొక పీరియడ్ వస్తుంది, ఐదో రోజు నాలుగు బడుల పిల్లలూ కలిసి ఆడుకోవచ్చు. ఇక్కడ ఒక షరతు గట్టిగా పెట్టాలి. ఆ పీరియడ్‌లో క్లాసు టీచరు కూడా ఆవరణలోనే ఉండాలి. నోటు పుస్తకాలు దిద్దుకోవడానికి లోపలికి వెళ్లిపోకూడదు. అప్పుడే మిగిలిన నాలుగు రోజులూ ఆమె సొంతంగా అరగంట ఆడించగలుగుతుంది. ముగ్గురు టీచర్లతో ఐదు తరగతులు లాక్కొస్తున్న చోట ఇది బరువే, కాదనను. కానీ రెండు తరగతులు కలిపి ఆడించడం, రెండు తరగతులకు కలిపి లెక్కలు చెప్పడం కన్నా తేలిక. ఎండ అంటారా, అల్పాహారం అయ్యాక కాసేపు ఆగి, తొమ్మిదిన్నరలోపు ముగించవచ్చు. ఆడితే చదువు పోతుందన్న భయానికి తమిళనాడు బడుల్లోనే జవాబుంది. 2022లో ఒకటి నుంచి మూడు తరగతులకు మొదలైన 'ఎణ్ణుం ఎళుత్తుం' కార్యక్రమంలో అక్షరాలూ అంకెలూ నేర్పుతున్నది ఆటపాటలతోనే.

స్టాకు రిజిస్టరు సంగతీ తేల్చాలి. బంతి అరిగిపోతే అది వాడినట్టు. ఏడాది చివర కొత్తగా మెరిసే బంతి కనిపిస్తేనే ఆడిటరు ప్రశ్న వేయాలి. ఆట వస్తువులను సుద్దముక్కల్లాగా వాడి పారేసే సరుకు కింద రాసుకోవచ్చని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, వందల బీరువాల తాళాలు ఊడతాయి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

చెన్నై కార్పొరేషన్‌లో 200 వార్డులున్నాయి. అన్నిచోట్లా ఒకేసారి చేయమని అడగడం లేదు. మా వైపు నడిచి వెళ్లగలిగే దూరంలో నాలుగు ప్రాథమిక బడులున్నాయి. నందనంలో చదువు ముగించుకుని వచ్చిన ఒక అమ్మాయికి ఒక సైకిలు, ఒక సంచి నిండా గుడ్డబంతులు, మూడేళ్లకు ఖాయమైన జీతం ఇచ్చి పంపితే జూన్ నుంచే మొదలుపెట్టవచ్చు.