ఆ వాగు కొలతలు ఆపకండి

"ఏళ్ల తరబడి అదే వాగు, అవే అంకెలు. ఇంకా ఎన్నాళ్లు కొలుస్తారు?" ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. కొత్త ప్రాజెక్టంటే నిధులు వస్తాయి. నీటిమట్టం రోజూ రాసే పనికి రావు. పొదుపు అనగానే మొదట మూతపడేది వాగు నీటిని కొలిచే గేజీ స్టేషనే.

కొద్ది ఏళ్ల లెక్కను నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికాలోని కొలరాడో నది చెబుతుంది. 1922లో నీళ్లు పంచుకున్నప్పుడు చేతిలో ఉన్న కొలతల్లో ఎక్కువ భాగం నీళ్లు పుష్కలంగా పారిన ఏళ్లవే. ఆ ధీమాతో ఏటా ఎగువ రాష్ట్రాలకు 75 లక్షల ఎకరా-అడుగులు (ఎకరం నేలను అడుగు లోతున నింపే నీరే ఒక ఎకరా-అడుగు), దిగువ రాష్ట్రాలకు మరో 75 లక్షలు, మొత్తం 1.5 కోట్లు రాసేశారు. 1976లో చెట్టు కాండంలో ఏడాదికొకటిగా ఏర్పడే వలయాల ఆధారంగా శతాబ్దాల ప్రవాహాన్ని అంచనా వేస్తే ఏడాది సగటు 1.35 కోట్ల దగ్గర తేలింది. అంటే లేని నీళ్లు పంచారు. ఆ తగువు ఈనాటికీ నడుస్తూనే ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ అమెరికాలోని న్యూహాంప్‌షైర్ అడవిలో ఉన్న హబ్బర్డ్ బ్రూక్ పరిశోధనా కేంద్రం. అక్కడ 1963లో పర్యావరణ శాస్త్రవేత్త జీన్ లైకెన్స్, ఆయన సహచరులు మొదలుపెట్టింది చాలా మామూలు పని: ఎంత వాన పడింది, వాగులోకి ఎంత నీరు చేరింది, ఏ లవణాలు కొట్టుకుపోయాయి. తీరా చూస్తే తొలి వాననీటి నమూనా పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4 కంటే తక్కువ! కాలుష్యం లేని వానకైతే 5.6 దాకా ఉండాలి. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదింతలు పెరిగినట్టు. ఆమ్ల వర్షం కోసం అక్కడ ఎవరూ వెతకలేదు, కొలుస్తూ ఉన్నారు కాబట్టి కనిపించింది. కానీ ఏటేటా హెచ్చుతగ్గులు ఎంతలా ఉంటాయంటే, మూడు నాలుగేళ్ల ముక్క తీసుకుని ఆమ్లం పెరుగుతోందనీ వాదించవచ్చు, తగ్గుతోందనీ వాదించవచ్చు. గాలి కాలుష్యంపై అమెరికా తెచ్చిన 1990 చట్టంతో పొగగొట్టాల గంధకానికి కళ్లెం పడ్డాక కూడా వాళ్లు కొలత మానలేదు. అందుకే ఇంకో నిజం బయటపడింది: వాన బాగుపడినంత త్వరగా వాగు బాగుపడలేదు, ఎందుకంటే ఆమ్లాన్ని విరిచే మట్టిలోని కాల్షియం దశాబ్దాలుగా కరిగిపోయింది. చట్టం రాగానే "పని అయిపోయింది" అని సర్దుకుని ఉంటే ఇది తెలిసేదా?

ఉపగ్రహాలున్నాయి కదా అంటారు. అవి పెద్ద పరీవాహకాలకు పనికొస్తాయి, చిన్న వాగులో నైట్రేట్ ఎంతో చెప్పలేవు. పైగా కొలవడమంటే యంత్రం పెట్టి వదిలేయడం కాదు. వరద వచ్చి వాగు అడుగు మారితే మట్టానికీ ప్రవాహానికీ ఉన్న లెక్క తప్పుతుంది, మనిషి నీళ్లలోకి దిగి మళ్లీ కొలవాలి. పరికరం మారిస్తే పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కనే నడపాలి, లేకపోతే తేడా వాగుదో యంత్రానిదో తేలదు. ఇంత ఓపికతో పేర్చిన వరుసను ఒక్క ఏడాది తెంపితే, ఆ ఏడాది వరద ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు.

నిజంగా డబ్బు లేకపోతే కొత్త స్టేషన్లు వాయిదా వేయండి, నమూనాలు వారానికి బదులు రెండు వారాలకోసారి తీయండి. ముప్పై ఏళ్ల రికార్డు ఉన్న వాగుల జోలికి మాత్రం వెళ్లకండి.